వెండి పొన్ను కర్ర పాట

ఆ పాటను మొదట సూర్యాపేట బస్టాండు ముందు ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో విన్నాను. తర్వాత కోదాడలో ఒక పెళ్లి బరాత్‌లో. ఎన్నికలప్పుడు అదే బాణీకి మాటలు మార్చి ఒక పార్టీ వాళ్లు ఓట్లు అడిగారు, ఎదుటి పార్టీ వాళ్లూ అడిగారు. మా వైపు ఇప్పుడు పెళ్లికీ నిమజ్జనానికీ ప్రచారానికీ ఒకటే దరువు. ఒకప్పుడు నాట్లకు ఒక పాట, కలుపుకు ఒక పాట. ఏది ఎవరి మీద కట్టారో ఊరంతటికీ తెలిసేది.

ఈ పాట మా తాత మీద కట్టింది.

వెండి పొన్ను కర్ర పట్టుకుని గట్టు మీద నడిచి వచ్చే దొరను నాట్లు వేసే ఆడవాళ్లు ఎగతాళి చేసిన పాట. ఆయన కనబడగానే ఆగిపోయేది. నేను ఒక్కణ్ణే వెళ్తే ఆపేవారు కాదు, చిన్నవాడికి ఏం అర్థమవుతుందని. నాకు మొత్తం వచ్చేసింది. ఇప్పుడు యూట్యూబ్ వాళ్లు పల్లవి మాత్రం ఉంచి, దొరను షోకిలా పిల్లగాణ్ణి చేసి, అతని కోసం ఒక పిల్ల ఎదురుచూస్తున్నట్టు మార్చారు.

తాత ఏలిన పెద్ద బంగళా, మా గడి, అమ్ముకున్నాక నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా చేస్తున్నాను. మొన్న నేరేడుచర్లలో షేర్ ఆటో కోసం నిలబడ్డాను. డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చోను. వెనక సీటు దొరికేదాకా ఆగుతాను. ఎక్కాక చూస్తే ఎదురుగా మా ఊరి ముసలామె. ఆమె తల్లి మా పొలంలో నాట్లు వేసేది. నన్ను ఇప్పటికీ దొరా అని పిలిచేది ఈమె ఒక్కతే.

ఆటో కదలగానే అదే పాట.

"బంద్ చెయ్," అన్నాను.

"ఎందుకు సార్? బీట్ మస్తుంది గద!" అన్నాడు డ్రైవరు.

ఎందుకో చెప్పాలంటే ఆ దొర ఎవరో చెప్పాలి.

ముసలామె అందుకుంది. "గింతేనా పాట? ఇందుల మా అన్న ముచ్చట యాడ వోయింది?"

"లవర్ ఉన్నడు గని అన్న లేడవ్వా," డ్రైవరు నవ్వాడు.

"నీ లవర్ల మన్నువడ! గడి ముంగట సెప్పులు ఇడ్వక నడిసిండని మా అన్నను గుంజకు కట్టేసిన్రు. పొద్దూకినంక ఇడిస్తే ఎటు వోయిండో, మల్ల రాలే. ఫోటో సుత లేదు. మా అమ్మ పాటల కట్టి పెట్టింది. గదొక్కటే ఉండె ఆన్ది." నావైపు తిరిగింది. "గుంజకు కట్టిన కాడి దాంక యాదికున్నది దొరా. ఎనక రెండు ముక్కలు వస్తలేవు. మీకేమన్న ఎర్కనా?"

ఎరుకే. వాళ్లమ్మ వచ్చి కాళ్ల మీద పడితే మా తాత ఆ కర్రతో ఏం చేశాడో పాటలోని ఆ రెండు పాదాల్లోనే ఉంది.

"మా ఇంట్లో ఆ పాట పాడేవారు కాదు," అన్నాను. అబద్ధం కాదు.

"మీ ఇండ్ల ఎందుకు పాడుతరు," అంది. డ్రైవరు వైపు తిరిగి, "పెద్దగ పెట్టు బిడ్డా. ఉన్నదన్న వింట."

వాడు పెంచాడు. మిల్లు గేటు దాకా అది విన్నాను, వీపు సీటుకు ఆనించకుండా. దిగుతుంటే ఆమె తల బయటికి పెట్టి, "యాదికొస్తే చెప్పుండ్రి దొరా," అంది.

నేను కూడా పోతే ఆ రెండు పాదాలు తెలిసినవారు ఉండరు. ఇక్కడ రాయవచ్చు. రాయను.