ఐదు లక్షల పదివేల ఐదు వందల పదకొండు

ఇంటర్ రెండేళ్లూ నేనూ నా స్నేహితురాలూ పుంగనూరు నుంచి మదనపల్లెకు ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. వాళ్ల నాన్న టైలరు. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు, లెక్కల్లో నాకు గట్టి పోటీ. కిటికీ సీటు కోసం మాకొక పందెం ఉండేది. ఒకరు పెద్ద సంఖ్య చెప్పాలి. రెండోవాళ్లు మదనపల్లె వచ్చేలోగా దాన్ని, ఒకటి కాకుండా ఏదో ఒక చిన్న సంఖ్యతో, శేషం లేకుండా భాగించాలి. భాగిస్తే సంఖ్య ‘పగిలినట్టు’. మర్నాడు కిటికీ వాళ్లది. పగలకపోతే చెప్పినవాళ్లది.

రెండో ఏడు మొదట్లో మా అమ్మ పోయింది. ఆ తర్వాత నాకు కిటికీ తప్ప ఇంకేమీ అక్కర్లేకపోయింది. పొగమంచులో టమాటా తోటలు వెనక్కి జారిపోతుంటే ముఖం అటు తిప్పుకుని కూర్చోవచ్చు, ఎవరూ చూడరు. అడిగితే నా స్నేహితురాలు ఇచ్చేదే. కానీ అడిగే రకాన్ని కాను.

అందుకే ఒక సంఖ్య తయారుచేశాను. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు, వీటన్నిటినీ గుణించి ఒకటి కలిపాను. వీటిలో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. ఆ ఒకటి నాకు మా అమ్మలా అనిపించేది, ఏం చేసినా పోకుండా. ఇది పగలనే పగలదనుకున్నాను. ఈసారి పందెం ఏడాది మొత్తానికి, గడువు మర్నాటి పొద్దుటి దాకా.

మర్నాడు తను కిటికీ వదిలేసి ఇవతల కూర్చుంది. “నా వల్ల కాలేదు మే. నువ్వు ఆడ కూర్చో,” అంది.

ఆ ఏడాదంతా అద్దానికి తల ఆనించి వెళ్లాను. కొండల మీద, పొలాల మీద అంకెలు తేలుతూ వెంట వచ్చేవి. సగం నిద్రలో వాటిని లెక్కపెడుతూ ఉండగానే మదనపల్లె వచ్చేసేది.

ఇప్పుడు కుప్పంలో లెక్కలు చెబుతున్నాను. అలాంటి సంఖ్యలన్నీ పగలకుండా ఉండవని నా పిల్లలకు నేనే చెబుతాను. ఆ ఒక్కదాన్ని మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు, భయం. మొన్న సాయంత్రం స్టేషన్ బెంచీ మీద ఏ కళనున్నానో, దాన్ని పంతొమ్మిదితో భాగించాను. శేషం సున్నా. ఆనాడు పదిహేడు దగ్గర ఆగిపోయాను, ఇంకొక్క మెట్టు ఎక్కితే సరిపోయేది! ఏడాది పాటు నా స్నేహితురాలి కిటికీ కాజేశానని సిగ్గేసి తనకు ఫోన్ చేశాను. అవతల కుట్టుమిషను చప్పుడు.

“మే, ఆ సంఖ్య పగిలింది. పంతొమ్మిదితో.”

మిషను ఆగింది. “తొంభై ఏడుతో గూడా పోతాది, సూడు. ఆ పొద్దే అంగట్లో సుద్దముక్కతో గుడ్డ మీద చేసి సూసినా.”

“మరి యాల చెప్పలేదు?”

“నువ్వు ఏడ్సేదానికి కిటికీ కావాల గదా. అడిగేదానివా నువ్వు?”

నేను ఏడ్చింది ఎవరికీ తెలియదనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను.

రైలొచ్చింది. కిటికీ సీటు ఖాళీగా ఉంది. ఇవతలి సీట్లో కూర్చుని, అందరూ చూస్తుండగానే ఏడ్చాను.