నిప్పును నిద్రపుచ్చిన ఇల్లు

హల్వోర్‌ను మంచం మీంచి పట్టీలతో పైకెత్తి, చక్రాల కుర్చీలోకి దించి, గుమ్మం దాటించి బయట వాకిట్లోకి తీసుకురావడానికి ఆస్లౌగ్‌కు పదకొండు నిమిషాలు పడుతుంది. చేతి గడియారం చూసుకుంటూ మూడుసార్లు కొలిచింది. ఒకసారి పది నిమిషాల నలభై సెకన్లకే అయిపోయింది కాని, ఆ రోజు మొగుడికి కోటు తొడగడం మరిచిపోయింది.

కొలవమని ఆమెకెవరూ చెప్పలేదు. ఇల్లు వెచ్చబెట్టే కట్టెల పొయ్యి పెట్టించక తప్పదని తేలిన రోజున తనే మొదలుపెట్టింది.

ఆస్లౌగ్‌కు అరవై నాలుగేళ్లు. గ్లోమ్‌లియా లోయలో ముప్పై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపింది. అద్దంలా గడ్డకట్టిన రోడ్డు మీద, దుప్పులు అడ్డం వచ్చే మలుపుల్లో ఒక్కసారి కూడా బస్సును పక్క కాలువలోకి జారనివ్వలేదు. అలాంటి మనిషి నిప్పుకు భయపడుతుందంటే లోయలో నవ్వుతారు. అందుకే పొయ్యి లేదేమని ఎవరడిగినా, "కరెంటు శుభ్రం. బూడిదెత్తే చాకిరీ ఎవరు చేస్తారు?" అనేది. లోయ మొత్తంలో పొయ్యి లేని ఇల్లు వాళ్లదొక్కటే.

అసలు సంగతి వేరు. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు మేనమామ ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్న వేళ పొగగొట్టం అంటుకుంది. మంట కనపడలేదు. చప్పుడే వినపడింది. ఇంటి కప్పు మీంచి రైలు పోతున్నట్టు, ఎంతసేపు పోయినా దాని పెట్టెలు అయిపోనట్టు. బల్ల మీద బంగాళాదుంపల గిన్నె మూత టకటకలాడింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఇల్లూ నిలిచింది. ఆ చప్పుడు మాత్రం ఆమెతోనే ఉండిపోయింది.

మూడేళ్ల కిందట హల్వోర్‌కు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట నెమ్మదించింది. పోయిన జనవరిలో మంచు బరువుకు కరెంటు తీగలు తెగి ముప్పై గంటలు సరఫరా లేకపోయేసరికి ఇంట్లో వేడి ఆరు డిగ్రీలకు దిగింది. అంబులెన్సు వచ్చి హల్వోర్‌ను పట్నంలోని సంరక్షణ గృహానికి తీసుకుపోయింది. వారం తర్వాత తిరిగొచ్చినవాడు రెండు రోజులు నోరు విప్పలేదు. విప్పాక అన్నది ఒకటే: "మళ్లీ అక్కడికి పంపేట్టయితే, కుర్చీతో సహా నదిలోకి తోసెయ్."

ఆగస్టులో ఊరి నర్సు సిన్నోవ వచ్చి కాఫీ తాగుతూ అసలు మాట చెప్పింది.

"ఆస్లౌగ్, కోపం తెచ్చుకోకు. కరెంటు పోయినా వెచ్చగా ఉండే ఏర్పాటు లేకపోతే, నవంబరు నుంచి మార్చి దాకా హల్వోర్‌ని అక్కడ ఉంచాల్సిందే. ఇంకో చలికాలం ఇలా గడపడానికి నేను సంతకం పెట్టను."

"అయిదు నెలలా?"

"పొయ్యి పెట్టించు. ఒక్క రోజూ అక్కర్లేదు."

అలా ఆమె పట్నంలో పొయ్యిల దుకాణానికి వెళ్లింది. దుకాణదారు నడుమెత్తు ఇనప పొయ్యి చూపించాడు. "మైనస్ ముప్పై అయిదు డిగ్రీల చలి లోయ మీది. ఇలాంటి ఏనుగు కావాలి" అన్నాడు. ఆస్లౌగ్ బయటికొచ్చి, ఊరి పొగగొట్టాలు తుడిచే ఎయిలిఫ్‌కు ఫోన్ చేసింది. అతను అగ్నిమాపక శాఖ ఉద్యోగి, నలభైకి దగ్గరపడ్డవాడు. చిన్నప్పుడు తొమ్మిదేళ్లు ఆమె బస్సెక్కి బడికి పోయినవాడు.

"మీ ముందుగదిలో ఏనుగెందుకు? అది మండితే మీరిద్దరూ చొక్కాలు విప్పి కూర్చోవాలి."

"నోరు అదుపులో పెట్టుకో, ఎయిలిఫ్."

"బస్సులోనూ ఇదే మాట అనేదానివి. విను. పెద్ద పొయ్యిలో సగం మంట కన్నా చిన్న పొయ్యిలో నిండు మంట మేలు. చిన్నది తీసుకో. పక్క గోడకెంత, వెనక గోడకెంత దూరం ఉండాలో దాని పుస్తకంలో రాసుంటుంది. ఆ లెక్క నీ ఇష్టానికి మార్చకు."

ఆ మాటల్లో ఆమె చెవికెక్కింది 'చిన్న' ఒక్కటే.

పొయ్యి బిగించకముందే ఎయిలిఫ్ పాత పొగగొట్టం చూడటానికి వచ్చాడు. ఇల్లు కట్టినప్పుడు గొట్టమూ కట్టారు కాని ఒక్కనాడూ వాడలేదు. నేలమాళిగలో, గొట్టం అడుగున మసి తీసే తలుపుకు అడ్డంగా మంచు మీద జారే చెక్కలు, అట్టపెట్టెలు, హల్వోర్ చేపల వలలు నిలువెత్తు పేర్చి ఉన్నాయి.

"ఇదేంటి, చలిమంటకి సామాను సిద్ధం చేశావా?"

"నలభై ఏళ్లుగా అక్కడే ఉన్నాయి."

"నలభై ఏళ్లుగా పైన నిప్పు లేదు. అన్నీ తీసెయ్."

కెమెరా దింపి చూస్తే కప్పుకు రెండు మీటర్ల కింద పగులు కనపడింది. లోపల ఉక్కు గొట్టం దించారు. పొయ్యి వెనక చెక్క గోడ కోసేసి ఇటుక గోడ కట్టారు. నిప్పురవ్వలు పడితే అంటుకోకుండా పొయ్యి ముందు నేల మీద మందపాటి గాజు పలక పరిచారు. ఇల్లు గాలి చొరనంత బిగుతుగా ఉంది కనుక, వంటింటి ఫ్యాను పొగను వెనక్కి లాగకుండా, పొయ్యికి బయటి నుంచి విడిగా గాలి గొట్టం పెట్టారు. గదికొకటి చొప్పున పొగ వస్తే మోగే గంటలు బిగించారు. విషవాయువును పసిగట్టే పెట్టె ఒకటి హల్వోర్ తలవైపు తగిలించారు. బిర్చి కట్టెలు ఎండాయో లేదో చూడటానికి ఎయిలిఫ్ ఒక చివర సబ్బు రాసి, రెండో చివర హల్వోర్ నోటి దగ్గర పెట్టాడు. హల్వోర్ వంకర మూతితోనే గట్టిగా ఊదాడు. అవతల బుడగలు వచ్చాయి.

"ఎండాయి" అన్నాడు ఎయిలిఫ్. "నీ ఊపిరీ బాగానే ఉంది."

అక్టోబరు చివర్లో మొదటి మంట. పెద్ద కట్టెలు కింద, పుల్లలు పైన పేర్చి పైనుంచి అంటించాలన్నాడు ఎయిలిఫ్. ఆస్లౌగ్ అలాగే చేసింది. అతని వ్యాను మలుపు తిరిగేదాకా ఆగి, గాలి వచ్చే మీటను దాదాపు చివరిదాకా మూసేసింది. మంట కుంగిపోయి ఎర్రటి గీతలా మిగిలింది. అప్పుడు కూర్చుంది.

లోయలో దీన్ని నిప్పును నిద్రపుచ్చడం అంటారు. ఆమె తల్లి ఆవుల పాలు పితకడానికి పోయే ముందు రోజూ చేసేది. ఆ కాలపు పొయ్యికి అతుకు అతుకునా సందులుండేవి. నిద్రపుచ్చినా అది ఊపిరి తీసుకుంటూనే ఉండేది. ఈ కొత్తదాని తలుపు చుట్టూ తాడు పట్టీ ఉంది. మూస్తే మూసుకున్నట్టే. ఆ తేడా ఆస్లౌగ్‌కు తెలియదు. రోజూ మూడు కట్టెలు పెట్టేది, అంటుకోగానే మీట మూసేది. వారానికే పొయ్యి అద్దం నల్లబడింది. అది ఆమెకు నచ్చింది. మంట కనపడటం మానేసింది.

"ఏదీ... మంట?" అనేవాడు హల్వోర్.

"ఉంది. పడుకుంది."

"ముప్పై ఏళ్లు... మంచు మీద బస్సు తిప్పింది. ఈ బుడ్డ పొయ్యికి... జోల పాడుతోంది."

డిసెంబరు రెండో వారంలో, ఒక ఉదయం ఎయిలిఫ్ తనిఖీకి వచ్చాడు. వస్తూనే అద్దం చూసి ఆగిపోయాడు.

"ఇదేంటి?"

"తుడవలేదు."

"నేనడిగింది తుడవడం గురించి కాదు." బూట్లు తొడుక్కుని నేలమాళిగలోకి దిగాడు. తిరిగి వచ్చినప్పుడు అతని అరచేతిలో నల్లగా మెరిసే పెచ్చు ఉంది. కరిగి గడ్డకట్టిన బెల్లం ముక్కలా ఉంది.

"బయటికి రా, ఆస్లౌగ్."

మెట్ల మీద, ఇనప పార మీద ఆ పెచ్చు పెట్టి అగ్గిపుల్ల గీశాడు. ముందు కదల్లేదు. తర్వాత బుసబుసమని పొంగింది. చిటికెన వేలంత ముక్క అరచేయంత మంటయింది. మండుతూ బుర్రుమని సన్నగా ఒక చప్పుడు చేసింది.

ఆస్లౌగ్ కమ్మీ పట్టుకుంది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు.

"ఇది నీ గొట్టం నిండా ఉంది" అన్నాడు ఎయిలిఫ్. "గాలి చాలని నిప్పు మండదు, పొగ కక్కుతుంది. ఆ పొగ చల్లబడి గోడకి తారులా అంటుకుంటుంది. ఏదో ఒక రోజు బాగా చలేసి నువ్వు గట్టిగా మంట పెడతావు. అంతే."

"నేను చిన్న మంటే పెట్టాను. భయపడే పెట్టాను."

"అందుకే ఇలా అయింది."

ఆమె మేనమామ ఇంటి సంగతి చెప్పింది. యాభై అయిదేళ్లలో మొదటిసారి ఒకరికి చెప్పింది. ఎయిలిఫ్ పార మీది బూడిదను మంచులోకి విదిలించాడు. "మీ మామయ్య కూడా నిప్పును నిద్రపుచ్చే ఉంటాడు."

ఇంట్లోకి వచ్చింది. ఫోన్ వెతికింది. ఆరు వారాలు. ఆరు వారాలుగా హల్వోర్ తల మీద తనే తారు పేర్చింది. కాపలా కాస్తున్నాననుకుంటూ.

"పొయ్యి విప్పి పట్టుకుపో" అంది వెనకే వచ్చిన ఎయిలిఫ్‌తో. "ఇవాళే. సిన్నోవకు ఫోన్ చేస్తాను. అక్కడ కనీసం కాలిపోడు."

మంచం మీంచి హల్వోర్ అన్నాడు: "నన్ను... అడిగావా?"

"నీకు నవ్వులాటగా ఉందా? పదకొండు నిమిషాలు, హల్వోర్! నిన్ను బయటికి తేవడానికి పదకొండు నిమిషాలు!"

"అక్కడ... నాలుగు నెలలు. మార్చి దాకా."

ఎయిలిఫ్ నిచ్చెన తెచ్చుకోవడానికి వెళ్లాడు.

మూడు గంటలు కప్పు మీద గొలుసులతో గొట్టం గీకాడు. పెచ్చులు కిందికి రాలుతున్న చప్పుడు గోడలోంచి వినపడుతుంటే ఆస్లౌగ్ వంటింట్లో గిన్నెలు కడిగింది, కడిగినవే మళ్లీ కడిగింది. రెండు బకెట్లు నిండాయి. కెమెరా దింపి, పై నుంచి కింది దాకా ఉక్కు మెరుస్తోందని చూపించాడు. తర్వాత కట్టెలు పేర్చి అంటించాడు.

"మీట తెరిచి ఉంచు. పూర్తిగా. గంటలో మండి చల్లారాలి. కావాలంటే మళ్లీ కొత్తగా అంటించుకో. నిద్రపుచ్చడం లేదు."

ఆమె చెయ్యి మీట దాకా వెళ్లి ఆగింది.

"నన్ను... అక్కడికి తోయండి" అన్నాడు హల్వోర్.

ఎయిలిఫ్ అతన్ని కుర్చీలోకి దించి పొయ్యి దగ్గరికి తెచ్చాడు. హల్వోర్ ఎడమ చేత్తో మీట పట్టుకుని చివరిదాకా లాగాడు. మంట ఒక్కసారిగా లేచింది. అద్దం మీది మసి అంచుల్లోంచి కాలుతూ తెల్లబడింది. పొయ్యి హోరుమంది. ఆస్లౌగ్ వంటింటి గుమ్మం దాకా వెనక్కి నడిచింది.

"ఇది పొయ్యి చప్పుడు" అన్నాడు ఎయిలిఫ్. "నువ్వు విన్నది గొట్టం చప్పుడు. పైకి వెళ్లు. పడగ్గదిలో గొట్టం గోడ మీద చెయ్యి పెట్టి చూడు."

వెళ్లింది. అరచెయ్యి ఆనించింది. గోరువెచ్చగా ఉంది, అంతే. అయినా చాలాసేపు తియ్యలేదు.

దిగి వచ్చాక అడిగింది: "ఆ చప్పుడు వస్తే?"

"గాలి మొత్తం మూసెయ్. ఫైరింజను కోసం నూట పదికి ఫోన్ చెయ్. ఆయన్ని బయటికి తీసుకురా. నీళ్లు పొయ్యకు, గొట్టం పగులుతుంది."

"తీసుకురావడానికి..."

"తెలుసు. అందుకే గొట్టం శుభ్రంగా ఉండాలి. నెల నెలా వచ్చి చూస్తాను."

మర్నాడు ఉదయం పక్కన ఎయిలిఫ్ లేడు. బయట మైనస్ ఇరవై తొమ్మిది డిగ్రీల చలి. ఆస్లౌగ్ కట్టెలు పేర్చి, అంటించి, మీట తెరిచి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. తొమ్మిదింటికి, గొట్టం సంగతి విని సిన్నోవ ఫోన్ చేసింది. హల్వోర్‌ను పంపుతున్నట్టా లేనట్టా, ఇవాళ కాగితం పూర్తి చెయ్యాలంది.

"ఇక్కడే ఉంటాడు."

"పొయ్యి మండుతోందా?"

"మండుతోంది" అంది ఆస్లౌగ్. "చాలా మండుతోంది."

ఆ చలికాలమంతా, పొయ్యిలో నిప్పున్నంతసేపూ ఆస్లౌగ్ ఇంట్లో బూట్లు విప్పలేదు. హల్వోర్ దుప్పటి మీద అతని కోటు, దాని చేతులు పైకి ఉండేలా, వెంటనే తొడగడానికి వీలుగా పరిచి ఉండేది.