నర్సమ్మ బదిలీ

మొన్న నరసరావుపేటలో రిటైరైన ఉపాధ్యాయుల సమావేశానికి వెళితే, మా వాళ్లందరూ ఒకే ఫోను మీదికి వంగి, ఎవరో నాయకుడు ఒకావిడతో ఏకాంతంగా మాట్లాడుకున్న మాటల్ని చెవులు రిక్కించి వింటున్నారు. విసుగెత్తి బయటికి వచ్చేశాను. ఆ విసుగంతా వాళ్ల మీదేనని చెప్పుకుంటే సుఖంగా ఉంటుంది గానీ, అందులో సగం నా మీదే.

నా మొదటి ఉద్యోగం మాచవరం దగ్గరి పల్లెలో. పెద్దమ్మగారింట్లో ఉండేదాన్ని. ఊళ్లో రెండు గదుల ఆసుపత్రి, దానికొక నర్సమ్మ. భర్త పోయిన మనిషి, చుట్టుపక్కల కాన్పులన్నీ ఆమె చేతి మీదే జరిగేవి. పంచాయతీ సమితి ప్రెసిడెంటుగారికీ ఆమెకూ స్నేహమని అందరికీ తెలుసు, తెలిసీ ఎవరూ పట్టించుకునేవారు కారు. ఎన్నికలొచ్చేసరికి ఎదుటి వర్గం వాళ్లు ఆ సంగతిని కరపత్రంగా వేయించి గోడలకు అంటించారు. నా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో చదువు రానివాళ్లే ఎక్కువ. గోడ దగ్గర గుమిగూడినవాళ్లు పిలిచి చదవమంటే, కొత్త పంతులమ్మనన్న గొప్పతో, నవ్వాల్సిన చోట ఆగి మరీ గట్టిగా చదివి వినిపించాను. నర్సమ్మ మందుల పెట్టె పట్టుకుని అటే వెళుతోందని చూసి కూడా గొంతు తగ్గించలేదు.

ప్రెసిడెంటుగారు గెలిచారు. గెలిచిన పదిహేను రోజులకే పైవాళ్లతో చెప్పి, ఆమెను మాచర్ల అవతల ఎక్కడికో బదిలీ చేయించారు. ఆమె చోటికి ఎవరూ రాలేదు. ఆ నెలలోనే పెద్దమ్మ కూతురికి నొప్పులొస్తే ఎద్దుబండిలో గురజాల తీసుకెళ్లేలోపు దారిలోనే కాన్పయింది. బిడ్డ దక్కలేదు.

మైల తీరకముందే పెద్దమ్మ ప్రెసిడెంటుగారింటికి నడిచింది. వెనకే నేనూ వెళ్లాను. అరుగు మీద పదిమంది మగవాళ్లున్నారు.

“ఏందత్తా, ఇట్టా వచ్చావు?” అన్నారాయన.

“నువ్వెవరింటికి పోతావో నాకెందుకయ్యా, అది నువ్వూ నీ పెళ్లామూ తేల్చుకోండి. మా ఊరి నర్సుని ఎందుకు పంపించావు? నీకు ఓట్లేసింది ఇందుకా?”

“జనం నోళ్లు మూయించాలి గదత్తా!”

“వాగింది జనం, తిరిగింది నువ్వు. బదిలీ మాత్రం ఆమెకా?”

ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు. నర్సమ్మ తిరిగి రాలేదు. ఇంటికి వస్తూ పెద్దమ్మ దారిలో ఆగి, “ఏమే, చదువుకున్నదానివి, ఆ కాయితం నువ్వెందుకు చదివావే?” అంది.

ఇప్పుడు మాటల్లో ఆ మాత్రం చాటు కూడా లేదు. ఎవరి భార్య, ఎవరి కూతురు, ఎవరితో అన్నది మైకుల్లోనే అరుస్తున్నారు, మనం వింటున్నాం. నాయకుడి పడక సంగతి వదిలేసి, చేతిలో ఉన్న అధికారంతో ఏం చేశావని అరుగు మీదికి వెళ్లి అడిగే ముసలమ్మ ఏ ఊళ్లోనైనా మిగిలిందా అని చూస్తుంటాను. పెద్దమ్మ ఆనాటి వయసు నేనెప్పుడో దాటేశానని మాత్రం ఎవరితోనూ అనను.