పదకొండు తర్వాత పిలవని పిలుపులు

ఏడేళ్ల కిందట, వేట నిషేధం ముగిసి బోట్లు మళ్లీ సముద్రం మీదికి వెళ్లిన జూన్‌లో, నన్ను ఫిషింగ్ హార్బర్ వైర్‌లెస్ గదికి సీనియర్ ఆపరేటరుగా వేశారు. ఆ గదిని మరబోట్ల యజమానుల సంఘం ఒకటి నడిపేది. వేటలో ఉన్న బోట్లతో వైర్‌లెస్ సెట్టులో మాట్లాడటం, వాతావరణ హెచ్చరికలు చెప్పడం, ప్రతి పిలుపునూ వేళతో సహా లాగ్ పుస్తకంలో రాయడం మా పని. బోటు పలకకపోతే ‘జవాబు లేదు’ అని రాస్తాం. అలాంటి బోటును చీకటి పడేదాకా ప్రతి అరగంటకూ పిలవాలన్నది నియమం.

ఆ అక్టోబరులో వాయుగుండం పట్టింది. బోట్లన్నిటినీ వెనక్కి పిలిచాం. తెల్లవారేసరికి ఒక్కటి తప్ప అన్నీ చేరాయి. రానిది గంగాభవాని. అందులో ఏడుగురు మనుషులు. బోటు డ్రైవరు అప్పలరాజుది యారాడ.

ఆరు గంటలకు పిలవడం మొదలుపెట్టాను. అప్పలరాజు భార్య నూకాలమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు వచ్చి గది గుమ్మం ముందు కూర్చున్నారు. వాన జల్లు మీద పడుతున్నా కదల్లేదు. తొమ్మిదింటికి బయటికి వచ్చి, జవాబు రావడం లేదని, ఇళ్లకు వెళ్తే కబురు చేస్తానని చెప్పాను.

నూకాలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “జవాబు రాపోతే పిలవడం మానీత్తావేటి బాబూ? నాను సింహాద్రప్పన్నని ముప్పయ్యేళ్ల నుంచి పిలుస్తన్నాను. ఒక్కపాలైనా పలికినాడేటి? నాను మానీసినానా?”

“నీ గోల పడలేకే గదే ఆయన కొండెక్కి కూకున్నాడు,” అంది పక్కనున్న ముసలామె. అంత భయంలోనూ అందరూ నవ్వి, కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. నేనూ నవ్వి లోపలికి వెళ్లాను.

ఆ పొద్దున్నే గాజువాక నుంచి మా ఆవిడ ఫోను చేయడం మొదలుపెట్టింది. మాది రేకుల ఇల్లు. మంచం దిగలేని మా అత్తగారు మాతోనే ఉండేది. మూడుసార్లు మోగినా ఎత్తలేదు. ఇల్లు ఎక్కడికి పోతుంది, ఇక్కడ ఊరంతా గుమ్మంలో ఉంది అనుకున్నాను. నాలుగోసారి మోగగానే స్విచ్ ఆఫ్ చేశాను. అప్పటికి పదకొండు కావస్తోంది.

పదకొండు గంటల పిలుపే నేను గంగాభవానికి ఇచ్చిన ఆఖరి పిలుపు. ఆ తర్వాత చేరిన బోట్ల జాబితా పైవాళ్లకు పంపాను, యజమానులకు సమాధానాలు చెప్పాను, మళ్లీ జాబితా దిద్దాను. అవన్నీ నా కింది ఆపరేటర్లు చేయగలిగినవే. పలకని బోటును పిలవడం నాకు పనిలా కనిపించలేదు. సాయంత్రం ఆరింటికి పుస్తకం తెరిచి, పదకొండున్నర నుంచి ఆరు దాకా పద్నాలుగు వరసలు ఒకే ఊపులో నింపేశాను. ప్రతి వరసలోనూ ‘పిలిచాము, జవాబు లేదు’.

ఇంటికి వెళ్లేసరికి రేకులు లేవు. మా ఆవిడ తల్లిని దుప్పటిలో వేసి, పక్కింటివాళ్ల సాయంతో వాళ్ల డాబాలోకి చేర్చింది. నన్ను చూసి గట్టిగా అరవలేదు. “మోగినంతసేపూ ఎక్కడో బాగానే ఉన్నారనుకున్నాను. ఆపీసినారేటి?” అంది. పనిలో ఉన్నానన్నాను. ఆ తర్వాత నేను డ్యూటీలో ఉండగా ఆమె మళ్లీ ఫోను చేయలేదు. అది కొన్నాళ్లు నాకు సదుపాయంగానే ఉండింది.

మర్నాడు ఒక సరకు ఓడ, గంగాభవానిలో వలలు లాగే కళాసీ ధనరాజును నీళ్లలోంచి తీసింది. ఏడుగురిలో మిగిలింది అతనొక్కడే. పది రోజుల తర్వాత విచారణ అధికారి మా గదిలోనే అతని వాంగ్మూలం తీసుకున్నాడు. ఇంజనులోకి నీళ్లు వెళ్లాయి, బ్యాటరీ నీరసించింది, సెట్టులో మాట పంపడం కుదరలేదు. వినడానికి మాత్రం ఆ కాస్త కరెంటు చాలింది.

“ఈ బాబుగారి గొంతు ఇనబడతా ఉండీది,” అన్నాడు ధనరాజు నావైపు చూపిస్తూ. “ఇనబడినప్పుడల్లా మా డ్రైవరు, ‘సూడండ్రా, మనోళ్లు మనల్ని ఒగ్గీనేదు, తోడండి నీళ్లు’ అనీవోడు. పదకొండు కాడ ఇన్నాం. మరి ఇనబడనేదు. ఇద్దరు బకెట్లు ఒగ్గీసి కూలబడిపోనారు.” బోటు తిరగబడింది మూడింటి ప్రాంతంలో.

అధికారి లాగ్ పుస్తకం చూశాడు. ఆరు దాకా పిలుపులు ఉన్నాయి. పదకొండు తర్వాత బ్యాటరీ పూర్తిగా పోయి ఉంటుందని రాసుకున్నాడు. దాని కింద సంతకం పెట్టమంటే పెట్టాను.

అందరూ వెళ్లాక గుమ్మం దగ్గర నూకాలమ్మ మిగిలింది. “ఆయాల నాను ఈడే కూకున్నాను బాబూ,” అంది. “మజ్జానం నుంచి నీ గొంతు నాకూ ఇనబడనేదు.” నేను లాగ్ పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమె కాసేపు చూసి, చేపల తట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

పిలుస్తూ ఉంటే వాళ్లు బతికేవారా? తెలియదు. తెలియకుండా చేసుకున్నవాణ్ని నేనే. ఆ పద్నాలుగు వరసలూ దిద్దకుండానే ఉద్యోగ విరమణ చేశాను. నూకాలమ్మ ఇప్పటికీ సింహాచలం వెళ్తోందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ప్రతి శనివారం వెళ్తున్నాను. అప్పన్న పలకడు. నా విషయంలో అది న్యాయమే అనిపిస్తుంది. అయినా పిలిచి వస్తాను. కొండ దిగగానే మా ఆవిడకు ఫోను చేస్తాను. ఆమె ఎత్తుతుంది, బస్సెక్కారా అని అడుగుతుంది, పెట్టేస్తుంది.

ఆ రోజు నేర్పిన సంగతి చిన్నదే. మాట పంపలేని సెట్టు కూడా వినగలదు. దీన్ని మాకు శిక్షణ మొదటి వారంలోనే చెప్పారు. పరీక్షలో రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను.