సీసాలో నాచు, నడుము మీద సింహం

ఇంట్లో పాచిపని అమ్మది, కాలేజీలో పాచిపని నాది. ఆమె బట్టలుతికే బండ మీది పాచిని గీకి పారేసేది. బాటనీ పాఠాలు చెప్పుకునే నేను ఖిలా కందకంలోంచి దాన్నే సీసాల్లో తెచ్చి పెంచేవాణ్ని. సముద్రపు నాచుల్లోని కొన్ని పదార్థాలు సర్పి అనే పొక్కుల జబ్బును తెచ్చే జాతి వైరస్‌లను గాజు పాత్రల్లో అడ్డుకున్నాయని ఎనభైల మొదట్లో ఎక్కడో చదివాను. పదిమందిలో చెప్పేటప్పుడు మాత్రం ఆ గాజు పాత్రలు నా నోటినుంచి జారి పగిలిపోయేవి. మద్రాసు మిత్రుడు పంపిన నాచుపొడిని రోజూ మజ్జిగలో తాగేవాణ్ని, రోగనిరోధక శక్తి పెరుగుతుందని. పెరిగింది ధీమా ఒక్కటే.

కాలేజీలో నా ప్రసంగం పెట్టారు. కేసముద్రం యార్డులో ధాన్యం కొనే షావుకారు మా కాలేజీ కమిటీ పెద్ద. ఆయనకు నచ్చితే వెనకగది నా ప్రయోగశాల అవుతుంది. సరిగ్గా ఆ వారమే నా నడుముకు సర్పి లేచింది.

అది నడుం చుట్టూ తిరిగి తల, తోక కలిస్తే మనిషి దక్కడని మా వైపు నమ్మకం. కలవకుండా మధ్యలో ఎర్రమట్టి జాజుతో సింహాన్ని గీయాలి. అమ్మ ఆ సింహం గీసే కుమ్మరి పెద్దాయనను పిలిపించింది.

"నేను సైన్సు సారునమ్మా."

"పాఠాలకు సారువు, నడుముకు గాదు బిడ్డా. జర కదలకుండ కూసో."

సింహం పిల్లిలా ఉందన్నాను.

"నీ నడుం మీద గంతే జాగున్నది సారూ," అన్నాడు పెద్దాయన.

తుడిచేద్దామనుకున్నాను. ప్రసంగం రోజు అమ్మ గుమ్మంలోనే నిలబడింది. పైన తెల్లచొక్కా తొడుక్కుని వెళ్లాను.

హాల్లో కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయి. నాచు సర్పిని అణచగలదని నేను ఘనంగా చెబుతుండగా ముందు వరుసలోంచి షావుకారు లేచాడు.

"జర ఆగుండ్రి సారూ. మీ నడుముకు నెత్తురు కారుతాంది."

చూసుకున్నాను. సింహం చెమటలో కరిగి చొక్కా మీదికి వచ్చింది.

"నెత్తురు కాదు. జాజు."

ఆ మాట అన్నాక మా ఊళ్లో ఇక వివరించే పనిలేదు. వెనక కిసుక్కున నవ్వారు. షావుకారు నవ్వలేదు.

"సర్పా? మరి మీ నాచు దవా ఏమాయె?"

"అది... ఇప్పటికి గాజు పాత్రల్లోనే పనిచేసింది. మనుషుల మీద ఇంకా తెల్వదు."

"గదేదో ముందుగాలనే చెప్పకపోతిరి," అన్నాడు మెల్లగా. "మా ఇంటామెకు సుత లేచింది, కన్ను పక్కన. మీ దగ్గర దవా తీస్కపోదామనే వచ్చిన."

వెంటనే దవాఖానకు తీసుకెళ్లమన్నాను. ఆయన అప్పటికప్పుడే వెళ్లిపోయాడు. గది సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

నా సర్పి తల, తోక కలవకుండానే ఎండింది. అమ్మ ఆ ఘనతను సింహానికి రాసిచ్చింది. నొప్పి మాత్రం చాన్నాళ్లు నా దగ్గరే ఉంది.

ఒకరోజు హన్మకొండ చౌరస్తాలో షావుకారు ఎదురుపడ్డాడు. సందులోకి తప్పుకునే వీల్లేకపోయింది.

"నడుం ఎట్లున్నది సారూ?"

ఇంటామె కన్ను ఎట్లుందని అడగాల్సింది నేను. "మంచిగున్నది" అని వచ్చేశాను.