ఆరో గల్లీలో తాళం వేసిన ఇళ్లు

నోయిడాలో మా ఇంటికి దగ్గర్లో ఒక ఢాబా ఉంది. అక్కడ రోటీల కంటే ముందు చిన్న స్టీలు గిన్నెలో సిర్కాలో నానిన గులాబిరంగు ఉల్లిపాయలు తెచ్చిపెడతారు. మొన్న ఆదివారం ఆ గిన్నె నా ముందు పెట్టగానే పుల్లటి ఘాటు ముక్కుకు తగిలి, మాట్లాడుతున్నదాన్ని మధ్యలో ఆగిపోయాను. "క్యా హువా, మమ్మీ?" అంది మా అమ్మాయి. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. "ఏం లేదే, మా మేడమ్ గుర్తొచ్చారు" అన్నాను. ఉల్లిపాయలు చూసి పాత ఆఫీసు మేడమ్‌ని తలుచుకునే తల్లిని అది జాలిగా చూసి మళ్లీ మెనూలో తల దూర్చేసింది.

సిర్కా అంటే మన వెనిగరే. కానీ నా వరకు అది వంటింటి వాసన కాదు. బాగా పలచన చేసిన ఆ పుల్లటి నీళ్లను దూదితో గర్భాశయ ముఖద్వారానికి అద్ది, ఒక్క నిమిషం ఆగి, టార్చి వెలుగులో చూస్తారు. క్యాన్సర్‌గా మారే లక్షణం ఎక్కడైనా మొదలై ఉంటే అక్కడ తెల్లని మచ్చ తేలుతుంది. అప్పుడే పట్టుకుంటే చిన్న చికిత్సతో పోతుంది. పెద్ద యంత్రాలు అక్కర్లేని ఈ పరీక్షను బస్తీల్లోకి తీసుకెళ్లడం, ఆ జబ్బు ఎలాంటి ఆడవాళ్లకు ఎక్కువ వస్తోందో, ఎందుకు వస్తోందో ఇంటింటికీ తిరిగి తెలుసుకోవడం డాక్టర్ అనసూయ గారు పెట్టుకున్న పని. రెండువేల దశకం మధ్యలో నాలుగేళ్లపాటు నేను ఆమె దగ్గర చేశాను. ఇవాళ నాకు పని వచ్చు అని ధైర్యంగా చెప్పుకోగలుగుతున్నానంటే ఆ నాలుగేళ్ల చలవే.

ఆమెది వరంగల్. ఢిల్లీలో పాతికేళ్లున్నా ఆ మాట తీరు పోలేదు, హిందీ మాత్రం వచ్చి చేరింది. సర్కారు ఆసుపత్రిలో క్యాన్సర్ వార్డు చూసిన మనిషి, ఉన్నట్టుండి ఆ వార్డు వదిలేసి ఈ సర్వేలోకి వచ్చారు. ఎందుకని అడిగితే, "వార్డుల కూసుంటే వచ్చినోళ్లనే చూస్తం. రానోళ్లను ఎవరు చూడాలె?" అన్నారు. ఇక నేనంటారా, విజయనగరంలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చేసి, పోటీ పరీక్షల కోసం ఢిల్లీ వచ్చి కటవారియా సరాయ్‌లో ఇద్దరమ్మాయిలతో కలిసి ఒక గదిలో ఉండేదాన్ని. రెండుసార్లు పరీక్ష తప్పాను. ఇంక ఇంటికి వచ్చెయ్యమని నాన్న ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్న రోజుల్లో ఈ ఉద్యోగం దొరికింది. ఇది పోతే నేను ఢిల్లీ వదలాల్సిందే.

చేరిన మొదటి రోజు ప్రశ్నల ఫారం నా చేతిలో పెట్టారు. పెళ్లి ఏ వయసులో అయింది, ఎన్ని కాన్పులు, పొగాకు నములుతారా, కట్టెల పొయ్యి మీద వండుతారా, నెలసరిలో ఏం వాడతారు, ఇలా ఉన్నాయి ప్రశ్నలు. పెళ్లి కాని పిల్లని, చదువుతుంటేనే చెవులు వేడెక్కాయి. మేడమ్ పల్లీలు వలుస్తూ ఎదురుగా కూర్చున్నారు.

"ఊఁ, ముందు నన్నడుగు" అన్నారు.

"మిమ్మల్నా అండీ?"

"మరి? నన్నడగనిది గల్లీల కొత్త మనిషిని ఎట్ల అడుగుతవ్? మొగమాటపడకుంట అడుగు."

కాసేపు నీళ్లు నమిలి, "మీకు పెళ్లయినప్పుడు వయసెంతండీ?" అన్నాను.

"పదిహేడు."

"పిల్లలు?"

"ఇద్దరు పుట్టిన్రు. ఒక్కడు బతికిండు. రాయి."

నా కలం ఆగిపోయింది. ఆమె ఇంకో పల్లీ వలిచి నోట్లో వేసుకుని, "గిట్ల నువ్వు ఆగితే అవతలామె గూడ ఆగుతది. ఆమె చెప్పేది చెవులు పెట్టి విను, రాసుకో, తర్వాతది అడుగు. నీ ఏడుపు ఇంటికి పోయినంక ఏడువు" అన్నారు. కఠినమైన మనిషి అనుకున్నాను ఆ రోజు. బస్తీలో నెల తిరిగాక తెలిసింది, ఆడవాళ్లు నోరు విప్పడానికి ఆమె చెప్పిన పద్ధతి కంటే మర్యాదైనది లేదని.

మేం సర్వే చేసే బస్తీ వైశాలి దాటాక, ఘాజియాబాద్ వైపు ఉండేది. మెట్రో అప్పటికి అంతదూరం రాలేదు. రెండు బస్సులు మారి, షేర్ ఆటో ఎక్కి వెళ్లేదాన్ని. ఏ ఇంటికి వెళ్లాలో మా ఇష్టం కాదు. మొత్తం ఇళ్ల జాబితాలోంచి చీటీలు తీసినట్టు కొన్ని ఇళ్లను ఆఫీసులోనే ఎంపిక చేసి ఇచ్చేవారు. ఆ ఇంటికి తాళం ఉంటే మళ్లీ వెళ్లాలి. వేళ మార్చి ఇంకోసారి, ఆదివారం మరోసారి వెళ్లాలి. అప్పటికీ మనిషి కనబడకపోతే 'దొరకలేదు' అని రాయాలి. పక్కింటికి మాత్రం వెళ్లకూడదు. "పక్కింటామె మంచిదే. కానీ ఆమె ఈమె కాదు" అనేవారు మేడమ్. ఆ మాటకు నేను తల ఊపాను. ఊపినంత సులువుగానే మరిచిపోయాను కూడా.

జూన్ నెల. వడగాడ్పు మొహానికి నిప్పుల్లా కొడుతోంది. సోమవారం పైనుంచి కమిటీ వచ్చి మా పని చూస్తుందన్నారు. నా వంతుకు వచ్చిన ఆరో గల్లీలో ఏ తలుపు చూసినా తాళమే. తాళం ముందు నిలబడి చెమట తుడుచుకుంటుంటే పక్కింటివాళ్లు పిలిచేవారు. "వాళ్లు చీకటి పడితే గానీ రారు దీదీ. నన్ను రాసుకోండి, నేను ఖాళీగానే ఉన్నా" అంటూ మంచం వాల్చి, చల్లటి రూహ్ అఫ్జా షర్బత్ ఇచ్చేవారు. పైగా పరీక్షకు వాళ్లంతట వాళ్లే వస్తామంటున్నారు. ఒకరికి బదులు ఒకరు, ఆడమనిషి ఆడమనిషే కదా అనుకున్నాను. మొదటి ఇంటికి అటూ ఇటూ చూసి రాశాను. తర్వాత చూడలేదు. వారం తిరిగేసరికి తాళం వేసిన పదకొండు ఇళ్ల నంబర్ల పక్కన పదకొండు మంది పక్కింటివాళ్లు చేరారు. అందరికంటే ముందు నా గల్లీ పూర్తయింది. మేడమ్ మెచ్చుకుంటారని ఎదురుచూశాను కూడా, చెప్పడానికి సిగ్గుగా ఉంది.

శనివారం సాయంత్రం మేడమ్ నా ఫారాలు ఒక్కొక్కటే తిప్పారు. సగం దాకా వచ్చి, మళ్లీ మొదటికి వెళ్లారు.

"ఉమా, ఇటు రా. ఆరో గల్లీ బస్టాండు కాడ పొద్దుగాల ఎప్పుడన్న నిలబడ్డవా?"

"నిలబడ్డానండీ."

"ఎవరు ఎక్కుతరు బస్సు?"

"ఆడవాళ్లండీ. నోయిడా ఫ్యాక్టరీలకి, పెద్దోళ్ల కోఠీల్లో ఇంటిపనికి..."

"అచ్ఛా. మరి నీ ఫారాలల్ల ఒక్కామె గూడ పనికి పోదేంది? అందరు ఇంట్లనే ఉంటరని రాసినవ్. ఆ బస్సు నిండ ఎక్కేటోళ్లు ఎవరింటోళ్లు?"

అబద్ధం ఆడదామని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కానీ ఆమె కళ్లద్దాలు తీసి నన్నే చూస్తున్నారు. అంతా చెప్పేశాను.

"ఎన్ని?" అన్నారు.

"పదకొండు."

కోప్పడతారని ఎదురుచూశాను. ఆమె గొంతు పెంచలేదు. "పొద్దుగాల పోయి చీకటి పడ్డంక వచ్చేటోళ్లకు దవఖాన తెరిచి ఉండది. నొప్పొస్తే గోలీ వేసుకుంటరు. ఇంకిట్ల కాదన్నప్పుడు వార్డుకు వస్తరు. వార్డుల నేను చూసింది వాళ్లనే. అందుకనే గల్లీలకు వచ్చిన. నువ్వు సరిగ్గ వాళ్లనే వదిలిపెట్టినవ్" అన్నారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రాజీనామా రాసిస్తానన్నాను.

"మంచిగుంది. నువ్వు రాజీనామా ఇస్తే ఆ పదకొండు ఇండ్లకు ఎవరు పోవాలె? నేనా, ఈ మోకాళ్లతోని?"

సోమవారం కమిటీ ముందు ఆమె మొదటి మాటగానే ఆ తప్పు సంగతి చెప్పేశారు. పదకొండు ఫారాలు తీసి పక్కన పెట్టామని, ఆ ఇళ్లకు మళ్లీ వెళ్తున్నామని అన్నారు. ఇది ఎవరు చేశారని ఒక పెద్దాయన గట్టిగా అడిగారు. "సర్వే నాది సార్, తప్పు కూడా నాదే" అన్నారు ఇంగ్లీషులో, తొణక్కుండా. వెనక కుర్చీలో కూర్చున్న నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. నన్ను కాపాడినందుకు సంతోషంగా ఉండాలి, కానీ అంతకంటే పెద్ద శిక్ష నాకు తర్వాత ఏ ఉద్యోగంలోనూ పడలేదు.

మర్నాటి నుంచి మొదటి బస్సుకే బస్తీకి వెళ్లాను. తాళాలు పడకముందే తలుపు తట్టేదాన్ని. ఒకామె రొట్టెలు కాలుస్తూ, ఇంకొకామె జడ వేసుకుంటూ, మరొకామె నాతో పాటు బస్టాండుకు నడుస్తూ జవాబులు చెప్పారు. వీళ్లకు పని రోజుల్లో పరీక్షకు రావడం కుదరదని మేడమ్ ఆదివారాలు అంగన్‌వాడీ గది తెరిపించారు. నర్సును ఆదివారం రావడానికి ఎలా ఒప్పించారో గానీ, ఆమెకు ఇంటి నుంచి చేసి తెచ్చిన సకినాలు పెట్టడం మాత్రం చూశాను.

పదకొండు మందిలో ఏడో ఆమె కమలేశ్. నోయిడాలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టిన చొక్కాలకు మిగిలిపోయిన దారాలు కత్తిరించే పని. నా కంటే పదేళ్లు పెద్దది. తడి జుట్టుతో ఆదివారం అందరికంటే ముందే వచ్చింది. నర్సు పరీక్ష చేస్తుంటే టార్చి నేను పట్టుకున్నాను. నిమిషం గడిచింది. నర్సు మేడమ్ వైపు చూసింది. తెల్లని మచ్చ నాకూ కనిపించింది. "క్యా హై, దీదీ?" అంది కమలేశ్, మా మొహాలు చూసి. మేడమ్ ఆమె పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఇది క్యాన్సర్ కాదనీ, వదిలేస్తే కొన్నేళ్లకు అయ్యే ప్రమాదం ఉందనీ, వదిలేది లేదనీ హిందీలో నెమ్మదిగా చెప్పారు. కమలేశ్ అడగాలనుకున్నవన్నీ అడిగే దాకా మేడమ్ లేవలేదు. పెద్దాసుపత్రికి ఇద్దరం వెంట వెళ్లాం. ముక్క తీసి పరీక్షకు పంపారు, ముదరలేదని పది రోజులకు చెప్పారు. మళ్లీ వెళ్తే చిన్న చికిత్స చేసి అదే రోజు ఇంటికి పంపారు.

కమలేశ్‌ను ఇంటి దగ్గర దింపి తిరిగి వస్తూ ఆటోలో నేను ఏడ్చేశాను. "మీరు ఆ ఫారాలు చూడకపోయుంటే నేనామెను చంపేసేదాన్ని మేడమ్" అన్నాను.

"ఇగ సాలు. మిగతా పది మందికి ఏం లేదని తేలింది కద, వాళ్ల కోసం ఎందుకు ఏడుస్తలేవ్? వాళ్లకు లేదని తెలుసుకునుడు గూడ మన పనే. కమలేశ్‌కు గూడ ఏం లేకుంటే నీ తప్పు ఒప్పయితుండెనా?"

కాదన్నట్టు తల ఊపాను. ఈసారి మరిచిపోలేదు. ఆటో కాస్త దూరం వెళ్లాక, "ఆమెకు చెప్పినవా?" అన్నారు.

"ఏంటండీ?"

"ఆమె జాగల పక్కింటామెను రాసినవని."

లేదన్నాను. చెప్పానా లేదా అని మేడమ్ మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే ఏదో సాకు చెప్పేదాన్నేమో. ఆరు నెలల తర్వాత కమలేశ్‌ను మళ్లీ చూపించడానికి తీసుకెళ్లాను. అంతా బాగుందని డాక్టరు చెప్పాక, ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని చెప్పేశాను. మొదట మీ ఇంటికి తాళం ఉంటే నేను మళ్లీ రాలేదు, మీ నంబరు మీద పక్కింటామె పేరు రాశాను, మేడమ్ పట్టుకోకపోతే మీ దగ్గరికి వచ్చేదాన్నే కాదు అన్నాను. తిడితే బాగుండుననిపించింది.

కమలేశ్ ఏమీ ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసు దీదీ. ఆ సాయంత్రమే పక్కింటామె చెప్పింది, నీ బదులు నన్ను రాసుకున్నారని. ఫ్యాక్టరీకి పోయేవాళ్లు లెక్కలోకి రారేమో అనుకున్నా. ఎప్పుడూ అంతే కదా" అంది. అని, నా తల మీద చెయ్యి వేసింది. ఆ మాటలో కోపం ఉంటే దానికి జవాబు వెతుక్కునేదాన్ని. ఆమె దాన్ని రోజూ చూసే ఎండా వానల సంగతిలా చెప్పింది.

అనసూయ మేడమ్ రిటైరై హనుమకొండ వెళ్లిపోయారు. మూడేళ్ల క్రితం అక్కడే కన్నుమూశారు. ఇప్పుడు నా కింద సర్వేకు తిరిగే అమ్మాయిలున్నారు. మొదటి రోజు వాళ్లకు నా తప్పు సంగతే చెబుతాను, తప్పు నాదేనని పేరు పెట్టి చెబుతాను. మేడమ్ నాకిచ్చిన ధైర్యం అదే, తప్పును దాచకుండా దాని దగ్గరికి మళ్లీ నడిచి వెళ్లే ధైర్యం.

కమలేశ్‌ను గడువు రాగానే పరీక్షకు తీసుకెళ్లడం ఇన్నేళ్లూ నేనే చూసుకున్నాను. ఈ చలికాలం మాత్రం ఫోన్ ఆమె దగ్గర్నుంచే వచ్చింది. గడువైంది, ఎప్పుడు వెళ్దామని అడిగి, ఆగి, "మీరెప్పుడు చేయించుకున్నారు దీదీ?" అంది. నలభై దాటాయి నాకు. వేలమంది ఆడవాళ్లను అడిగిన ప్రశ్న అది. మీటింగులున్నాయి, అమ్మాయి పరీక్షలున్నాయి, వచ్చే నెల చూద్దాం అనుకుంటూ నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆ మాటే చెప్పాను. "రేపు పొద్దున మీ గేటు దగ్గరికి వస్తున్నా, తయారుగా ఉండండి" అని ఫోన్ పెట్టేసింది.

అన్నట్టుగానే వచ్చింది. ఆసుపత్రిలో చీటీ రాసే కిటికీ దగ్గర నన్ను ముందుకు తోసి, లోపలి మనిషితో గట్టిగా అంది: "ముందు ఈమె పేరు రాయండి."