రాగం తీసేసి చదవమన్న టీచరుగారు

మా టీచరుగారు పోయారన్న కబురు శుక్రవారం పొద్దున్న ఆరు దాటాక సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. "ప్రభునందు నిద్రించారు" అని పాస్టరుగారు పెట్టారు. ఏ కబురొచ్చినా చదవకుండానే "ఆమెన్" కొట్టే పెద్దమనిషి ఒకాయన మా గ్రూపులో ఉన్నారు. అలవాటు కొద్దీ "ఆమెన్" కొట్టి, మరు నిమిషంలో తీసేశారు. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. మా గ్రూపు అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆవిడ బతికుండగా దానికోసం ఎంతో ప్రయత్నించారు.

ఈ నాలుగు మాటలు రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. మా సంఘంలో కీబోర్డు వాయిస్తూ, పాటలు కడుతూ, ఆవిడ చేతిలో అందరికంటే ఎక్కువసార్లు ఫెయిలైనవాణ్ణి నేను. భీమవరంలో నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివినా నాకు అన్ని బ్యాక్‌లాగులు పడలేదు.

టీచరుగారు కొవ్వూరు దగ్గర హైస్కూల్లో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. మేనకోడలి ఇంట్లో ఉండేవారు. దిద్దడానికి పేపర్లు లేకపోయేసరికి ఆవిడ చూపు మా సంఘం పాటల మీద పడింది. అప్పుడు పుట్టిందే మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా లేని ఉత్తచదువు అనే పద్ధతి. ఏ కొత్త పాటైనా ఆదివారం ఆరాధనలోకి రావాలంటే, ముందు శనివారం సాయంత్రం ప్రాక్టీసులో ఉత్తచదువు పాసవ్వాలి. కీబోర్డు ఆపాలి, డ్రమ్ము ప్యాడ్స్ ఆపాలి, ఆఖరికి ఫ్యాన్లు కూడా ఆపాలి. పాట తెచ్చినవాడు ఆవిడ ఎదురుగా నిలబడి, రాగం తీసేసి, పేపరు చదివినట్టు ఒక్కో లైనూ చదవాలి. అడిగినప్పుడు ఆ మాట బైబిలు వాక్యంలో ఎక్కడుందో చూపించాలి. "జవాబు ఒక్కటే రాస్తే నేను మార్కులెయ్యను, స్టెప్పులు చూపించు" అనేవారు.

ఆడవాళ్ళ వైపు మొదటి బెంచీ ఆవిడది. కళ్ళజోడు పెట్టుకుని, ఖాళీ డబ్బాని మూత తెరిచి పక్కన పెట్టుకునేవారు. పాట బాగుంటే కళ్ళజోడు తీసి, డబ్బాలో పెట్టి, మూసేవారు. టక్‌మనేది. ఆ చప్పుడే మాకు సర్టిఫికెట్. బాగాలేకపోతే మూత తెరిచే ఉండేది, సంచిలోంచి ఒక చక్రకేళీ బయటికొచ్చేది. వాళ్ళ పెరట్లో కాసిన అరటిపండు, ఫెయిలైనవాళ్ళకి ఓదార్పు. నా పుణ్యమా అని మా ఇంట్లో చాలాకాలం అరటిపండ్లు కొనలేదు.

"రాగం ఎందుకు తియ్యాలండి? బిర్యానీలోంచి మసాలా తీసేసి తినమన్నట్టుంది" అన్నాను మొదట్లో.

"నీ ట్యూను బాగుంటుంది బాబూ. నా భయం అదే. ట్యూను బాగుంటే జనం అబద్ధాన్ని కూడా చప్పట్లు కొట్టి పాడతారు."

నేను తీసుకెళ్ళిన మొదటి పాటకి ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టారు. "ఇందులో 'నేను' పద్దెనిమిదిసార్లు వచ్చాడు. దేవుడు రెండుసార్లు వచ్చాడు, అందులో ఒకటి నువ్వు ఊపిరి తీసుకోడానికి."

"ఫీలింగ్ చాలా ఉందండి టీచరుగారూ."

"ఉంది. ఎవరి మీదో తెలియట్లేదు. ఇదే పాట రాజమండ్రిలో ఏ అమ్మాయికైనా పంపొచ్చు."

నేను వినయంగా తల దించుకున్నాను. ఆ పాట అప్పటికే ఒకసారి గోదావరి దాటి రాజమండ్రి వెళ్ళి, జవాబు లేకుండా తిరిగొచ్చింది మరి.

ఇది చదివి, ఆవిడ కుర్రాళ్ళ మీద కక్షగట్టిన మనిషి అనుకునేరు. అసలు దెబ్బలు పెద్దవాళ్ళకే తగిలేవి. మా సంఘపెద్దగారికి ఎరువుల కొట్టుంది. కొత్త పాటలంటే ఆయనకి ఒళ్ళుమంట, పాత కీర్తనలంటే ప్రాణం. ఒక ఆదివారం అందరం నిలబడి, నా సమస్తం నీకే ఇచ్చేశాను ప్రభువా అనే అర్థం వచ్చే కీర్తన పాడుతున్నాం. టీచరుగారు చెయ్యెత్తి పాట ఆపేశారు.

"పెద్దగారండీ, మీరు కూర్చోండి."

"ఆయ్, ఎందుకండీ? పాడుతున్నాను కదండీ!"

"సమస్తం ఇచ్చేశానంటున్నారు. ఫోను ఇంకా చేతిలోనే ఉందండి."

సంఘమంతా నవ్వింది. నేను కాస్త ఎక్కువే నవ్వాను. వెంటనే ఆ కళ్ళజోడు నా వైపు తిరిగింది. "నువ్వు నవ్వకు. నీకు హాజరుంది, పాఠం లేదు. ఆయనకి పాఠముంది, హాజరు లేదు. ఇద్దరూ ఫెయిలే." తర్వాత ఇద్దరికీ చెరొక అరటిపండు ఇచ్చారు. గుమ్మం దగ్గర నిలబడి, నేనూ సంఘపెద్దగారూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నాం.

సిద్ధాంతం, ఆత్మావేశం అని రెండు పార్టీలుగా విడిపోయి మా వాళ్ళు ఎన్నో కమిటీ మీటింగులు పెట్టుకున్నారు. టీ కప్పులు ఖాళీ అవడం తప్ప ఏమీ తేలలేదు. రెండూ కావాలని నాకు అర్థమైంది మాత్రం ఆ గుమ్మం దగ్గరే, తొక్క చేత్తో పట్టుకుని.

అర్థమైందని అనుకున్నాను. తర్వాత మా నాన్నకి కిడ్నీలు పాడయ్యాయి.

వారానికి రెండుసార్లు బ్రిడ్జి దాటి రాజమండ్రిలో డయాలసిస్. ఆ కుర్చీ పక్కన కూర్చుని ఫోన్లో ఒక పాట రాశాను. ఈసారి అమ్మాయిలెవరూ లేరు. ఏడుస్తూ రాశాను. చివరి చరణంలో ఒక లైను: "నమ్మినవాని యింట రోగము నిలువదు." ప్రాక్టీసులో ఆ లైను దగ్గరికొచ్చేసరికి ప్యాడ్స్ వాయించేవాడు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఆదివారం నాన్నని ముందు కూర్చోబెట్టి సంఘమంతా ఆ పాట పాడితే ఆయనకి నయమవుతుందని నేను నిజంగానే నమ్మాను. నాకు అంతకన్నా కావలసింది ఏమీ లేదు.

ఫ్యాన్లు ఆగాయి. చదివాను. మూత తెరిచే ఉంది.

"మూడో బెంచీలో ఎవరు కూర్చుంటారు బాబూ?"

ఎవరో నాకు తెలుసు. ఒక మామ్మగారు. ఆవిడ కొడుకు అంతకుముందు ఏడాదే జబ్బు చేసి పోయాడు. మేమంతా ఉపవాసాలుండి ప్రార్థన చేశాం.

"ఈ లైను ఆవిడ ఎలా పాడుతుంది? నువ్వు నమ్మలేదు కాబట్టే నీ కొడుకు పోయాడని సంఘమంతా కలిసి, చప్పట్లు కొట్టి, ఆవిడకి చెప్పాలా? ఎవరు పాడలేరో చూడు ముందు. ఆ తర్వాత నీ గొంతు చూద్దాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంట్లో రోగం ఉన్నోళ్ళకి తెలుస్తుందండి ఆ లైను విలువ. మీకు లెక్కలే తెలుసు" అనేశాను, అందరి ముందూ. ఆవిడ అరటిపండు అందించారు. తీసుకోకుండా వచ్చేశాను.

తర్వాత కొన్ని వారాలు నేను కీబోర్డు ముట్టలేదు. చివరి బెంచీలో కూర్చుని, పాటలు వస్తున్నంతసేపూ నోరు తెరవకుండా నా నిరసన దేవుడికి తెలియజేశాను. అదే అదనని సంఘపెద్దగారు కొత్త పాటలు మొత్తం ఆపించేద్దామని కమిటీలో లేవనెత్తారట. టీచరుగారు ఒప్పుకోలేదట. "నేను ఆపింది ఆ లైనుని, ఆ అబ్బాయిని కాదు. కుర్రాళ్ళు ఏడుస్తూ పాడే పాటలు ఆపేస్తే, రేపట్నించీ మీ కీర్తనల పుస్తకం నేనూ ముట్టను" అన్నారట. ఇది వాళ్ళ మేనకోడలు చెబితే మొన్న తెలిసింది.

ఒక మంగళవారం నాన్నని డయాలసిస్‌కి ఎక్కించి, టీ కోసం కిందికి దిగాను. కేన్సరు డాక్టరు గది ముందు వరసలో, ఒళ్ళో ఫైలు పెట్టుకుని టీచరుగారు కూర్చున్నారు.

"ఏం బాబూ, లైను దొరికిందా?"

"మీరేంటండి ఇక్కడ?"

"నాకూ ఒకటి తిష్ట వేసిందిలే, వేసంగి నుంచీ."

నేను ఆ మాట అన్న శనివారం వానాకాలంలో. లెక్కలు రానివాడికి కూడా తేలిపోయే లెక్క అది.

"మరి ఆరోజు నేనలా వాగితే ఒక్క మాట అనలేదేంటండి?"

"చెబితే నా జబ్బు చూసి జాలిపడి మార్చేవాడివి. జాలి కోసం కాదు, తప్పు కాబట్టి మార్చాలి." సంచిలోంచి ఒక చక్రకేళీ తీశారు. "నాన్నగారికి పెట్టకు, ఆయనకి పొటాషియం పడదు. నువ్వు తిను."

మా నాన్న ఏం తినకూడదో మా మేనత్తలకే తెలియదు. ఈవిడ ఎప్పుడు కనుక్కున్నారో! ఆ పండు అక్కడే నిలబడి తిన్నాను. అంత కష్టపడి ఏ పండూ మింగలేదు.

ఆవిడ పోవడానికి ముందు ఆదివారం సాయంత్రం చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద సగమైపోయి ఉన్నారు. కళ్ళజోడు డబ్బా దిండు పక్కన ఉంది. ప్రార్థన చెయ్యమన్నారు. ఆవిడ ముందు ప్రార్థనంటే మామూలు పరీక్షా! ఎక్కడా తప్పు దొర్లకుండా మొదలుపెట్టాను. "ప్రభువా, నీ చిత్తమైతే, నీకు అనుకూలమైన సమయంలో, నీ సంకల్పానికి లోబడి..."

ఆవిడ ఒక కన్ను తెరిచారు. "ఏంటది, లీవు లెటరా?"

"తప్పు రాకూడదని జాగ్రత్తగా..."

"తప్పు రాకూడదని దూరంగా నిలబడ్డావు. దగ్గరికెళ్ళి అడుగు బాబూ. బాగుచెయ్యమని గట్టిగా అడుగు. మా టీచరు మాకు కావాలని ఏడు. ఆయన కాదంటే మాత్రం అలిగి వచ్చెయ్యకు. నాకు తెలిసిన సిద్ధాంతం అంతే."

అడిగాను. గట్టిగానే అడిగాను. మేనకోడలు వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఏమేం అన్నానో సగం గుర్తులేదు. చివర్లో "బాగుచేసినా నీ దగ్గరే ఉంటాం, చెయ్యకపోయినా నీ దగ్గరే ఉంటాం, ఇంకెక్కడికి పోతాం" అన్నాను.

"ఆగు" అన్నారు టీచరుగారు. "అది రాసుకో. శనివారం చదువుకి పట్టుకురా."

శుక్రవారం ఆవిడ వెళ్ళిపోయారు. శనివారం సాయంత్రం, సరిగ్గా ప్రాక్టీసు వేళకి, ఆవిడ ఉన్న పెట్టె తెచ్చి గుడిలో మొదటి బెంచీ ముందు పెట్టారు. "కళ్ళజోడు లేకపోతే మా అత్తలా లేదండి" అని మేనకోడలు డబ్బాలోంచి తీసి ఆవిడకి పెట్టింది. ఖాళీ డబ్బా బెంచీ మీద తెరిచే ఉండిపోయింది. దాని పక్కన, ముందుకు రమ్మంటే వచ్చి, మూడో బెంచీ మామ్మగారు కూర్చున్నారు. నాన్న గోడవార కుర్చీలో ఉన్నారు. ఆయనకి నయం కాలేదు. మంగళవారం మళ్ళీ బ్రిడ్జి దాటాలి.

పాస్టరుగారు నన్ను పాట పాడమన్నారు. "ముందు చదవాలండి" అన్నాను. నేనింకా ఏమీ అడగకముందే సంఘపెద్దగారు లేచి వెళ్ళి, ఒక్కొక్క స్విచ్చూ నొక్కి ఫ్యాన్లన్నీ ఆపేశారు. ఆయన చేతిలో ఫోను లేదు.

పెట్టె ఎదురుగా నిలబడి, రాగం తీసేసి, పేపరు చదివినట్టు చదివాను. నాన్న కోసం రాసిందంతా అలాగే ఉంది. కొట్టేసిన లైను చోట మాత్రం కొత్తది: "బాగుచేసినా నీ దగ్గరే, చేయకున్నా నీ దగ్గరే." ఒక్క లైనే. అక్కడ ఆగి, అలవాటు కొద్దీ చప్పుడు కోసం చూశాను. అది రాదని తెలిసీ చూశాను.

మామ్మగారు ఆ లైను పెదాలతో ఒకసారి అనుకున్నారు. ఇంకోసారి అనుకున్నారు. చెయ్యి చాపి డబ్బా మూత మూశారు.

టక్.

మూత మీద చెయ్యి అలాగే ఉంచి, ఎవరూ ఎత్తుకోకముందే, ఆవిడే ఆ లైను తనకి తోచిన రాగంలో ఎత్తుకున్నారు.